హోమోసిస్టీన్ తగ్గింది, స్టెంట్ సంగతి వేరు

మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి వేసే లోహపు జల్లెడ గొట్టం స్టెంట్. అది వేసిన చోటే నాళం మళ్లీ సన్నబడితే దాన్ని రీస్టెనోసిస్ అంటారు. ఆ మాట నేను మొదటిసారి విన్నది హనుమకొండలో, నా యాంజియో (నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) వీడియో నాకే చూపిస్తూ డాక్టరు చెప్పినప్పుడు. గుండె ముందు భాగానికి రక్తం తీసుకుపోయే ఎల్‌ఎడి అనే నాళంలో, ఏడాది కూడా నిండని స్టెంటు లోపలే, 80 శాతం దాకా మూసుకుపోయింది. మిగతా నాళాల్లో కొత్తగా ఏమీ లేదు. "పాత చోటే మళ్లీ వచ్చింది" అన్నాడాయన.

నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. వయసు 56. పదేళ్లకు పైగా షుగర్ ఉంది. సిగరెట్, మందు లేవు. ఇంట్లో తాతల కాలం నుంచి శాకాహారమే, గుడ్డు కూడా ముట్టం. మొదటిసారి గుండెపోటు మంచి మిర్చి సీజన్లో, యార్డు నిండా బస్తాలు ఉన్న రోజుల్లో వచ్చింది. చెమటలు పట్టి, దవడ దాకా నొప్పి వచ్చి, నేరుగా స్టెంటు వేసేదాకా పోయింది. రెండోసారి అంత హడావుడి లేదు. పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే కొంత దూరం పోయాక ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు అయ్యేది, నిలబడితే తగ్గేది. గ్యాస్ అనుకోవడానికి అన్ని వీలులూ ఉన్న నొప్పి అది. మా ఆవిడ ఒప్పుకోలేదు. "గ్యాస్ అయితే నడిస్తేనే ఎందుకు వస్తది, కూసుంటే ఎందుకు పోతది?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక టీఎంటీకి, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను చూసే పరీక్షకు పోయాను. టీఎంటీ నుంచి యాంజియోకు.

రీస్టెనోసిస్ చరిత్ర కొంచెం తెలుసుకుంటే నాకు ధైర్యమూ వచ్చింది, కోపమూ వచ్చింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ అనే డాక్టరు మొదటిసారి గుండె నాళంలో బెలూన్ ఊది దారి తెరిచాడు. అప్పట్లో బెలూన్ ఒక్కటే. ముగ్గురిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో ఇద్దరిలో ఒకరికి, ఆరు నెలల్లోనే మళ్లీ సన్నబడేది. తర్వాత ఉత్త లోహపు స్టెంట్లు వచ్చాయి, ఆ లెక్క 20, 30 శాతానికి దిగింది. మందు పూసిన స్టెంట్లు వచ్చాక 10 శాతం లోపుకు వచ్చింది. నాకు వేసింది మందు పూసినదే. పది మందిలో తొమ్మిది మందికి పైగా మంచిగుంటే నాకెందుకిట్లయింది అన్నదే నా కోపం.

ఇక్కడ మా బావమరిది రంగంలోకి దిగాడు. నర్సంపేటలో మెడికల్ షాపు. మందుల పేర్లు చదివి చదివి సగం డాక్టరయ్యాడని అతని నమ్మకం, చాలాసార్లు అది నిజమే కూడా. "బావా, నీకు కొలెస్ట్రాల్ కంట్రోల్లనే ఉంది, బీపీ లేదు. హోమోసిస్టీన్ చూపించుకున్నవా? అది ఎక్కువుంటే స్టెంట్లు మళ్లమళ్ల మూసుకపోతయ్" అన్నాడు. అప్పటిదాకా నేను ఆ పేరు వినలేదు. నా ఫైల్లో ఎక్కడా ఆ పరీక్ష లేదు. మూల కారణం దొరికిందన్నట్టు ఇంట్లో అందరికీ ఒక్కసారిగా ఊపిరి వచ్చింది.

పరీక్ష ఇంటి దగ్గరే చేయించాం. ఓ ల్యాబ్ కుర్రాడు పొద్దున్నే వచ్చి పరగడుపున రక్తం తీశాడు. ట్యూబును సంచిలో వేసుకుని, ఇంకా రెండు మూడు ఇళ్లు ఉన్నాయని వెళ్లిపోయాడు. ఆ శాంపిల్ హైదరాబాద్ పోతుందట. మరునాడు ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. హోమోసిస్టీన్ 38. మామూలుగా 5 నుంచి 15 మైక్రోమోల్స్ లోపు ఉండాలి. అంకె పక్కన పెద్ద బాణం గుర్తు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఏదైనా చదవందే నమ్మడు. ఆదివారం వచ్చి కూర్చుని ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. హోమోసిస్టీన్ ఒక అమైనో ఆమ్లం. కానీ మనం తినే తిండిలో అది నేరుగా ఉండదు. మాంసకృత్తుల్లో మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఉంటుంది, శరీరం దాన్ని వాడుకునే క్రమంలో మధ్యలో హోమోసిస్టీన్ తయారవుతుంది. అది అక్కడ ఆగకూడదు. బి12, ఫోలిక్ యాసిడ్ ఉంటే తిరిగి మెథియోనిన్‌గా మారుతుంది. ఇంకో దారిలో బి6 సాయంతో సిస్టీన్ అనే పదార్థంగా మారిపోతుంది. ఈ విటమిన్లలో ఏది తక్కువైనా, కిడ్నీ సరిగ్గా పనిచేయకపోయినా, థైరాయిడ్ మందగించినా మధ్యలో సరుకు నిలిచిపోతుంది.

గుండెకూ దీనికీ ముడి పెట్టింది కిల్మర్ మెక్‌కల్లీ అనే అమెరికన్ పాథాలజిస్టు. 1969లో ఆయన ఇద్దరు పిల్లల కేసులు పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకరు 1933లో పక్షవాతంతో చనిపోయిన ఎనిమిదేళ్ల బాబు, రెండోది నెలల పసికందు. ఇద్దరి నాళాలూ ముసలివాళ్ల నాళాల్లా గట్టిపడి ఉన్నాయి. ఇద్దరికీ ఉన్న పుట్టుక లోపాలు వేరు వేరు, కానీ ఇద్దరిలోనూ హోమోసిస్టీన్ మాత్రం విపరీతంగా పెరిగి ఉంది. కాబట్టి నాళాన్ని చెడగొడుతున్నది ఇదేనని ఆయన వాదన. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పట్టించుకున్నారు, మరీ ఎక్కువగానే. అయితే ఆ జన్యు లోపం ఉన్న పిల్లల్లో ఈ అంకె 100 దాటి పోతుంది. నాలాంటి వాళ్లలో 20, 30 దగ్గర ఉంటుంది. పిల్లల్లో నిజమైనది నాలో కూడా నిజమా అన్నదే అసలు ప్రశ్న.

ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే ఒక విచిత్రం కనబడింది, లెక్కలు రాసేవాడిని కాబట్టి నన్ను బాగా పట్టేసింది. 2001లో స్విట్జర్లాండ్ డాక్టర్లు యాంజియోప్లాస్టీ (బెలూన్‌తోనో స్టెంట్‌తోనో నాళం తెరవడం) చేయించుకున్న 205 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆరు నెలలు ఫోలిక్ యాసిడ్, బి12, బి6 ఇచ్చారు. రెండో గుంపుకు మందు లేని ఉత్త మాత్రలు. విటమిన్లు వేసుకున్నవాళ్లలో 19.6 శాతం మందికి మళ్లీ సన్నబడితే, వేసుకోనివాళ్లలో 37.6 శాతం. సగానికి సగం! మా బావమరిది చెప్పేది ఇదే. ఇది చదివిన పూట నేను కూడా అతనితోనే ఉన్నాను.

మూడేళ్లు తిరిగేసరికి 2004లో జర్మనీ, నెదర్లాండ్స్ డాక్టర్లు స్టెంట్ వేయించుకున్న 636 మంది మీద అలాంటి ప్రయోగమే చేశారు. ఈసారి తిరగబడింది. విటమిన్లు వేసుకున్నవాళ్లలో 34.5 శాతం మందికి మళ్లీ సన్నబడింది, వేసుకోనివాళ్లలో 26.5 శాతమే. మందు వేసుకున్నవాళ్లకే ఎక్కువ పూడుకుపోయిందన్నమాట. ఎందుకట్లా? స్విస్ ప్రయోగంలో బెలూన్ మాత్రమే చేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, లాభం ఎక్కువగా వాళ్లలోనే కనిపించింది. స్టెంట్ వేశాక సన్నబడే తీరు వేరు. లోహపు జల్లెడ లోపల నాళపు గోడలోని కణాలు పెరిగి పెరిగి లోపలి వైపు మందంగా కమ్ముకొస్తాయి. ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి తోడ్పడే విటమిన్. కొందరు డాక్టర్లు అనుమానించింది ఇక్కడే.

ఇంకో మెలిక ఉంది. 2004 ప్రయోగంలో ఆ నష్టం ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, హోమోసిస్టీన్ 15 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లలో కనబడలేదట. నాకు షుగర్ ఉంది, అంకె 15 దాటింది. ఆ మూడు మినహాయింపుల్లో రెండింట్లో నేనున్నాను. బావమరిదికి ఈ ముక్క చెప్పకుండా ఉండాల్సింది. "చూసినవా బావా!" అని అదే రోజు బస్సు పార్సిల్‌లో మూడు విటమిన్లు కలిపిన మాత్రల డబ్బా పంపించాడు.

డబ్బా విప్పేముందు మా ఇంటి దగ్గరి ఫిజీషియన్‌ను కలిశాను. ఈయన పెద్దగా మాట్లాడడు, అడుగుతాడు. రిపోర్టు చూసి గుండె గురించి కాదు, కాళ్ల గురించి అడిగాడు. "అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటాయా? చెప్పు జారిపోతే తెలుస్తుందా?" నిజమే, చాలా నెలలుగా రాత్రిళ్లు కాళ్లలో చీమలు పాకినట్టు ఉంటుంది. షుగర్ వల్లే అనుకుంటూ వచ్చాం. ఆయన నా మందుల చీటీ ముందేసుకుని రెండు పేర్ల కింద గీత గీశాడు. ఒకటి మెట్‌ఫార్మిన్, షుగర్‌కు ఏళ్ల తరబడి వేసుకుంటున్నది. రెండోది పాంటాప్రజోల్, స్టెంట్ తర్వాత ఆస్పిరిన్‌తో పాటు కడుపు కోసం ఇచ్చింది. రెండూ ఒంట్లోకి బి12 చేరడాన్ని తగ్గిస్తాయి. పైగా శాకాహారం. బి12 ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు, మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే ఉంటుంది. నాకున్న ఒక్క దారి పాలు, పెరుగు. మొదటి స్టెంట్ పడ్డప్పటి నుంచి కొలెస్ట్రాల్ భయంతో ఇంట్లో అవి కూడా మజ్జిగ నీళ్లకు దిగిపోయాయి. పుంటికూర, తోటకూర, చుక్కకూర మాత్రం రోజూ ఏదో ఒకటి ఉంటుంది, కాబట్టి ఫోలేట్‌కు కొరత ఉండకపోవచ్చన్నాడు.

అప్పుడు శాంపిల్ ఎలా తీశారని అడిగాడు. కుర్రాడు సంచిలో వేసుకుని పోయాడని చెప్పాను. "ఐసు పెట్టాడా?" లేదు. ఆయన నవ్వాడు. రక్తం బయటికి తీశాక కూడా ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను వదులుతూనే ఉంటాయట. చల్లగా ఉంచకుండా, కణాల నుంచి ప్లాస్మా అనే ద్రవాన్ని వేరు చేయకుండా వదిలేస్తే గంటకు సుమారు 10 శాతం చొప్పున అంకె దానంతటదే పెరుగుతుంది. ఎండాకాలం బైకు మీద తిరిగిన ట్యూబులో ఎంత పెరిగిందో ఎవరికి తెలుసు? నేనొక రాత్రి నిద్ర పోగొట్టుకున్న అంకెలో కొంత భాగం నాది కాదు, ఆ సంచిది.

రెండోసారి ఆయనే చెప్పి చేయించాడు. మాత్రలేవీ మొదలుపెట్టకముందే, పరగడుపున, ల్యాబుకే వెళ్లి, ట్యూబును తీసిన వెంటనే ఐసులో పెట్టించి, ప్లాస్మా వేరయ్యేలా అక్కడే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పించాం. ఇది చేయించుకోవాలనుకునేవాళ్లు రక్తం ఇచ్చేముందు ఈ ఒక్క మాట అడగండి. ఎదుటివాళ్లు ముఖం చిట్లించినా పర్వాలేదు. ఈసారి 26 వచ్చింది. ఎక్కువే, కానీ 38 కాదు. బి12 మాత్రం 146, ఉండాల్సిన దానికి బాగా కింద. ఫోలేట్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ మూడూ సరిగ్గానే ఉన్నాయి.

మా దుకాణంలో ఖాతాలో బాకీ ఎక్కువ కనిపిస్తే ఆ అంకెను కొట్టేసినంత మాత్రాన డబ్బు వసూలు కాదు, ఎవరు కట్టలేదో చూడాలి. నాకు హోమోసిస్టీన్ అలా చూపించింది బి12 బాకీని. నాళంలో పూడికను కాదు. ఫిజీషియన్ ఇంత మాట అనలేదు. "ముందు బి12 ఇద్దాం. అది గుండె కోసం కాదు, మీ నరాల కోసం" అన్నాడు. ఇంజెక్షన్లు రాసిచ్చాడు. బావమరిది పంపిన, ఫోలిక్ యాసిడ్ కూడా ఉన్న డబ్బా మీద చెయ్యి పెట్టి వద్దన్నాడు. బి12 తక్కువున్నవాళ్లు ఉత్త ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా మింగితే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. అందుకే అది తనకు భయమట. నాకు ఫోలేట్ కొరత కూడా లేదు కదా.

ఇదంతా జరుగుతుండగా గుండె సంగతి ఆగలేదు. నడక తగ్గించి, నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మళ్లీ అక్కడే చేయించుకోవాలా, ఇంకో చోటికి పోవాలా అన్న చర్చ ఇంట్లో చాలా రోజులు నడిచింది. చివరికి అబ్బాయి మాట నెగ్గింది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. జనగామ దాటాక నాకు భయం మొదలైంది, భువనగిరి గుట్ట కనబడేసరికి అరచేతులు తడిసిపోయాయి. అంతకుమించి ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు.

అక్కడి డాక్టరు ఉత్త యాంజియోతో ఆగనన్నాడు. యాంజియోలో నాళం నీడ మాత్రమే కనబడుతుంది, లోపల ఏముందో తెలియాలంటే ఓసీటీ చేయాలి అన్నాడు. సన్నని తీగ లోపలికి పంపి, కాంతితో నాళం లోపలి గోడను అడ్డకోతలుగా ఫోటోలు తీసే పద్ధతి ఇది. మణికట్టు దగ్గర గుచ్చారు. నేను మెలకువగానే ఉన్నాను. తెర మీద గుండ్రటి బొమ్మలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. నాకేమీ అర్థం కాలేదు, కానీ ఒకచోట ఆయన ఆపి పక్కనున్న జూనియర్‌కు చూపించడం గమనించాను. తర్వాత నాకు చెప్పింది ఇది: స్టెంటు మధ్యలో ఒకచోట పూర్తిగా విప్పుకోలేదు. దాని వెనక నాళపు గోడలో సున్నం గట్టిగా పేరుకుపోయి ఉంది. స్టెంటు విప్పుకోని చోటే లోపల కణజాలం పెరిగి దారి ఇరుకైంది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ పెరుగుదల ఎక్కువగా ఉంటుంది.

ఇంకో స్టెంటు వేయలేదు. గట్టి ఒత్తిడి తట్టుకునే బెలూన్‌తో పాత స్టెంటును పూర్తిగా విప్పి, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే మందు పూసిన ఇంకో బెలూన్‌ను నిమిషం దాకా ఊది ఉంచారు. ఆ నిమిషంలో ఛాతీలో నొప్పి వచ్చింది. వస్తుందని ముందే చెప్పారు కాబట్టి పళ్లు బిగించి ఓర్చుకున్నాను. కణాలు పెరగకుండా ఆపే ఆ మందు గోడకు అంటుకుంటుంది, బెలూన్ బయటికి వచ్చేస్తుంది. లోపల లోహం మీద లోహం ఉండదు.

డిశ్చార్జి ముందు నేను అడగదలచుకున్నది అడిగేశాను. "సార్, హోమోసిస్టీన్ వల్ల కాదా?" ఆయన విసుక్కోలేదు. హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బు కూడా ఎక్కువ కనబడుతుంది, అది నిజమే అన్నాడు. నాళపు లోపలి పొరను దెబ్బతీస్తుందని, రక్తం గడ్డకట్టడాన్ని పెంచుతుందని ల్యాబుల్లో చూశారు. అయితే మాత్రలతో దాన్ని తగ్గిస్తే గుండెపోట్లు తగ్గాలి కదా? 2006లో నార్వేలో 3,749 మంది మీద, అదే ఏడాది కెనడా వాళ్ల ఆధ్వర్యంలో 5,522 మంది మీద పెద్ద ప్రయోగాలు జరిగాయి. అంకె తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. 2010లో బ్రిటన్‌లో 12 వేల మందికి పైగా చూసినా అంతే. "మీరు మినహాయింపుల్లో ఉన్నానంటున్నారు. ఒక ప్రయోగంలో చిన్న గుంపును విడదీసి చూసిన లెక్క మీద నేను మందు రాయను. మీ స్టెంటు ఎందుకు పూడుకుందో ఫోటోలో కనబడింది. అది చాలదా?" అన్నాడు. చాలు అనిపించింది. అంకెల గొడవలో కళ్లముందున్న కారణాన్ని వెతకడం ఆలస్యమవుతుందేమోనని నా భయం, ఆయన ఆ భయం పోగొట్టాడు.

ఆయన పట్టుబట్టింది ఇంకో అంకె మీద. నా ఎల్‌డిఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 82. ఇక్కడ అందరం కంట్రోల్లో ఉందనుకున్నాం, బావమరిది సహా. స్టెంటు పడ్డ షుగర్ మనిషికి 55 కంటే తక్కువ ఉండాలి అని కొలెస్ట్రాల్‌కు వేసుకుంటున్న అటార్వాస్టాటిన్‌కు తోడు ఎజెటిమైబ్ అనే ఇంకో మందు కలిపాడు. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.4 ఉంది, దాన్ని 7 దగ్గరికి తెమ్మన్నాడు. ఈ రెండూ నాకు హోమోసిస్టీన్ కంటే కష్టమైన పనులు. ఒక ఇంజెక్షన్‌తో తీరేవి కావు. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె తింటున్నాను. సకినాలు, సర్వపిండి పండుగలకు కూడా లెక్కపెట్టి పెడుతోంది మా ఆవిడ.

కొన్ని నెలలకు పరీక్షలన్నీ మళ్లీ చేయించాం. బి12 మామూలుకు వచ్చింది, హోమోసిస్టీన్ 11. కాళ్లలో చీమలు చాలావరకు తగ్గాయి, ఎడమ బొటనవేలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది, అది పూర్తిగా రాకపోవచ్చన్నాడు ఫిజీషియన్. బండ్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఆగకుండా నడుస్తున్నాను. ఇంట్లో మళ్లీ పెరుగు తోడేస్తున్నారు, వెన్న తీసిన పాలతో. ఎల్‌డిఎల్ 58 దగ్గర ఆగింది. షుగర్ సగటు 7.5. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, దాంతో వచ్చే లాభం ఎక్కువని చెప్పి ఏడాదికోసారి బి12 చూపించుకోమన్నారు. పాంటాప్రజోల్ మాత్రం రెండు రక్తం పలచబరిచే మాత్రలూ నడుస్తున్నంత కాలం తప్పదు, ఒకటి ఆపాక తీసేయవచ్చో లేదో చూద్దామన్నారు.

బావమరిది డబ్బా బీరువాలో అలాగే ఉంది, సీలు విప్పలేదు. మొన్న వచ్చినప్పుడు తీసుకుపోయి షాపులో పెట్టుకోమన్నాను. "పదకొండుకు వచ్చింది గద బావా, నేను చెప్పలే?" అన్నాడు. ఎల్‌డిఎల్ ఎంతో అడగలేదు. నేనే చెప్పి, తన రిపోర్టు తీసి చూపించమన్నాను. పోయిన దసరాకు చేయించిందే ఉంది. దాంట్లో 140. ఆదివారం హనుమకొండ తీసుకుపోతున్నాను.